కొరడా దెబ్బల దారిలో: రోమ్ నుంచి బారీలె దాకా ఒక పవిత్ర వారం

మట్టల ఆదివారం, రోమ్

ఇటలీలో మట్టల ఆదివారం నాడు చేతుల్లో ఎక్కువగా కనిపించేది ఆలివ్ రెమ్మలు. ఈత మట్టలూ కొబ్బరి మట్టలూ పట్టుకునే తెలుగు సంఘాల నుంచి వెళ్ళినవాళ్ళకు మొదట కాస్త వెలితిగా ఉంటుంది. గుడి గుమ్మం దగ్గర ఉచితంగానే ఇస్తారు. పక్కన డబ్బా ఉంటుంది, ఒక నాణెం వేయడం మర్యాద.

మెల్ గిబ్సన్ తీసిన 'ద ప్యాషన్ ఆఫ్ ద క్రైస్ట్' 2004 ఫిబ్రవరి 25న, భస్మ బుధవారం నాడు, అమెరికాలో విడుదలైంది. మూడు కోట్ల డాలర్లతో తీస్తే ప్రపంచమంతటా అరవై కోట్ల డాలర్లకు పైగా రాబట్టింది. పాత్రలన్నీ అరామిక్, లాటిన్, హెబ్రూ మాట్లాడతాయి. అంత రక్తం చూపించిన సినిమాకి జనం కుటుంబాలతో వెళ్ళి ఏడ్చి ఎందుకొచ్చారో తెలుసుకోవాలంటే షూటింగ్ జరిగిన దక్షిణ ఇటలీ ఊరు మతేరాకు నేరుగా వెళ్ళకూడదు. ముందు రోమ్‌లో లాతెరాన్ పెద్ద గుడి ఎదురుగా ఉన్న స్కాలా సాంతా, అంటే పవిత్ర మెట్ల దగ్గర ఆగాలి.

అది ఇరవై ఎనిమిది పాలరాతి మెట్ల వరస. యేసు రోమన్ గవర్నరు పిలాతు ముందుకు ఎక్కిన మెట్లు ఇవేనని, కాన్‌స్టంటైన్ చక్రవర్తి తల్లి హెలెనా రాణి యెరూషలేము నుంచి తెప్పించిందని నమ్మకం. రాయి అరిగిపోకుండా 1723లో వాల్‌నట్ చెక్కతో కప్పారు. మోకాళ్ళ మీద తప్ప ఎక్కనివ్వరు. నడిచి పైకి వెళ్ళాలంటే పక్కన వేరే మెట్లున్నాయి. చెక్క అంచు సరిగ్గా మోకాలిచిప్ప కింద ఒత్తుకుంటుంది కాబట్టి పల్చటి ప్యాంటుతో వెళ్తే పదో మెట్టుకే నొప్పి మొదలవుతుంది. ఒక్కో మెట్టు మీద ప్రార్థన చెప్పుకుంటూ ఎక్కేవాళ్ళ వెనక అరగంట పైనే పడుతుంది, ముందున్నవాళ్ళను దాటి వెళ్ళడం బాగుండదు. కొన్ని మెట్ల మీద చెక్కలో చిన్న అద్దాలు బిగించి ఉంటాయి. రక్తం పడిన చోట్లని నమ్మి అక్కడ ముద్దు పెట్టుకుంటారు. తెర లేదు, సంగీతం లేదు, నటుడు లేడు, అయినా ఆ అద్దం దగ్గర తల వంచిన పెద్దవాళ్ళ భుజాలు కదులుతుంటాయి. ఆ సినిమా పుట్టుకొచ్చింది ఈ భక్తిలో నుంచే.

అక్కడి నుంచి సాంతా ప్రస్సేదె గుడికి నడిచి వెళ్ళొచ్చు. యేసును కట్టేసి కొరడాతో కొట్టిన స్తంభం అని చెప్పే నల్లా తెల్లా మచ్చల రాయి అక్కడుంది, 1223లో ఒక కార్డినల్ తెచ్చాడంటారు. చూడగానే ఆశ్చర్యం కలిగించేది దాని ఎత్తు. నడుము దాకా కూడా రాదు. సినిమాలోనూ స్తంభం పొట్టిదే. ఇది దర్శకుడికి బాగా పనికొచ్చే ఎత్తు. నిలువు స్తంభానికి కట్టేస్తే మనిషి ముఖం రాయికి ఆనిపోయి కనపడదు. పొట్టి స్తంభానికి సంకెళ్ళేస్తే వంగక తప్పదు. వీపు సైనికుల వైపు, ముఖం కెమెరా వైపు తిరుగుతుంది. దెబ్బ, ఆ దెబ్బకు ముఖంలో కలిగే మార్పు ఒకే షాట్‌లో దొరుకుతాయి.

సోమవారం, చినెచిత్తా

1937లో మొదలైన ఈ స్టూడియో రోమ్ మెట్రో ఎ లైన్ మీదే ఉంది. గిబ్సన్ సినిమా కోసం దేవాలయ ప్రాంగణం, పిలాతు న్యాయస్థానం ఇక్కడే కట్టారు. ఆ సెట్లు ఇప్పుడు లేవు. చూపించే ప్రాచీన రోమ్ వీధి ఒక టీవీ సీరియల్ కోసం కట్టింది. దాని దగ్గరికి వెళ్ళాలంటే గైడ్ టూరుతో కలిపిన టికెట్ తీసుకోవాలి, ఉత్తి ప్రదర్శన టికెట్‌తో గదులు మాత్రమే చూడగలం. మంగళవారం సెలవు. గోడలు వేలితో తడితే బోలుగా మోగుతాయి, ఫైబర్‌గ్లాస్.

కొరడా దృశ్యం ఎలా పనిచేస్తుందో చెప్పుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. నాలుగు సువార్తల్లో ఈ సంగతి ఒక్కొక్క వాక్యమే. లూకాలో అయితే శిక్షించి విడిచిపెడతానన్న పిలాతు మాట వరకే ఉంది. సినిమాలో అది పది నిమిషాలకు దగ్గరగా నడుస్తుంది. ముందు బెత్తాలు. అవి అయిపోయాక యేసు కాళ్ళు కూడదీసుకుని మళ్ళీ నిలబడతాడు, అది చూసి సైనికుల నాయకుడు బల్ల మీది కొక్కేల కొరడా వైపు చెయ్యి చూపిస్తాడు. సైనికుడు దాన్ని మొదట బల్ల మీద కొడతాడు. కొక్కేలు చెక్కలో దిగబడతాయి, లాగితే పేళ్ళు లేస్తాయి. మాంసానికి ఏమవుతుందో ప్రేక్షకుడు లెక్క కట్టుకునేది ఆ క్షణంలోనే. ఆ తరవాత వచ్చే మొదటి దెబ్బ సగం మన ఊహలోనే పడుతుంది. వెనక సైనికులు లాటిన్‌లో అంకెలు లెక్కపెడుతుంటారు.

షూటింగ్‌లో యేసుగా నటించిన జిమ్ కవీజెల్ వీపుకి ఒక పలక కట్టారు, కొరడా దానికి తగిలేలా. ఒక దెబ్బ పలక దాటి ఒంటికి తగిలి, దాదాపు ముప్పై అయిదు సెంటీమీటర్ల గాయమైంది. గాయాల మేకప్‌కి గంటల తరబడి పట్టేది, అందుకే అర్ధరాత్రి దాటాక మొదలుపెట్టేవాళ్ళు. ఆ మేకప్‌కి ఆస్కార్ నామినేషన్ వచ్చింది. ఛాయాగ్రహణానికీ సంగీతానికీ కూడా వచ్చింది.

అయితే హాల్లో ఏడుపు వినిపించేది దెబ్బల దగ్గర కాదు. అక్కడ జనం బిగుసుకుపోతారు, కొందరు కళ్ళు మూసుకుంటారు. పిలాతు భార్య తెల్లటి గుడ్డలు తెచ్చి మరియ చేతిలో పెట్టినప్పుడు, మరియ, మగ్దలేనే మరియ మోకాళ్ళ మీద కూర్చుని నేల మీది రక్తం తుడిచినప్పుడు వస్తుంది ఏడుపు. ఆ గుడ్డల సంగతి బైబిల్లో లేదు. జర్మన్ సన్యాసిని అన్నా కాథరీనా ఎమ్మెరిక్ (1774–1824) చెప్పిన దర్శనాల్లోది.

2005లో అయిదారు నిమిషాల హింస కత్తిరించి మళ్ళీ విడుదల చేస్తే పెద్దగా ఎవరూ చూడలేదు. కొరడా దృశ్యం సగం ఉన్నా సరిపోయేది అనిపిస్తుంది. గుడ్డ దృశ్యంలో మాత్రం ఒక్క ఫ్రేమ్ తీయలేం.

మంగళవారం, నేపుల్స్

కపోదిమోంతె మ్యూజియం కొండ మీద ఉంది. మెట్రో వెళ్ళదు, బస్సు ఎక్కాలి. బుధవారం మూసేస్తారు కాబట్టి ఈ ఊరు మంగళవారమే పెట్టుకోవాలి. టికెట్ పదిహేను యూరోల దాకా అవుతుంది. చాలామంది గంటలు గంటలు తిరుగుతారు గానీ ఈ ప్రయాణానికి కావలసింది ఒక్క బొమ్మే, 1607లో ఇటలీ చిత్రకారుడు కరవాజ్జో వేసిన 'కొరడా దెబ్బలు'.

ఎత్తు దాదాపు మూడు మీటర్లు. చుట్టూ చీకటి. వెలుగు ఒక పక్క నుంచి వచ్చి క్రీస్తు దేహం మీద మాత్రమే పడుతుంది. ఒకడు జుట్టు పట్టి లాగుతున్నాడు, ఇంకొకడు వెనక తాళ్ళు బిగిస్తున్నాడు. మూడోవాడు కింద మూలన వంగి బెత్తాల కట్ట కడుతున్నాడు. దెబ్బ ఇంకా పడలేదు. గాయాలు లేవు, రక్తం దాదాపు లేనట్టే. ఆ మూడోవాడు పొలం పనిలో ఉన్న కూలీలా తన పని తాను చూసుకుంటున్నాడు, చూసేవాడి కడుపులో తిప్పేది అదే.

సినిమా ఛాయాగ్రాహకుడు కాలెబ్ డెషనెల్ పెట్టుకున్న నమూనా కరవాజ్జో వెలుగే. గెత్సేమనే తోట నీలం చీకట్లో మునిగి ఉంటుంది, లోపలి గదులకు దీపం వెలుగే. ఎర్ర రంగు అంత గుచ్చుకోవడానికి కారణం కూడా చుట్టూ ఉన్న గోధుమ రంగూ నలుపూ. బొమ్మ ముందు నిలబడితే తేడా కూడా తెలుస్తుంది. చిత్రకారుడు దెబ్బకు ముందు ఆగాడు, గిబ్సన్ ఆగలేదు.

కిందికి దిగాక తినాల్సింది కసతియెల్లో. ఈస్టర్ వారంలో ప్రతి బేకరీలోనూ ఉంటుంది. పందికొవ్వు, చీజు, మిరియాలు కలిపిన పిండిని ఉంగరంలా చుట్టి, పైన పచ్చి గుడ్లు పెంకుతోనే గుచ్చి, ఒక్కో గుడ్డు మీద పిండి పట్టీలు సిలువలా వేసి కాలుస్తారు. ముక్క మూడు నాలుగు యూరోలు. పంది తిననివాళ్ళు ముందే అడగాలి, పైకి కనపడదు. కాఫీ నిలబడి తాగితే ఒక ధర, బల్ల దగ్గర కూర్చుంటే ఇంకో ధర.

బుధవారం, మతేరా

బారి నగరం నుంచి మతేరాకు అప్పులో లుకానె అనే రైలు కంపెనీ వాళ్ళ చిన్న రైలుంది, అయిదు యూరోల చుట్టూ. ఆదివారాలు రైలు నడుస్తుందో, బదులు బస్సు వేస్తారో ముందే చూసుకోవాలి. ఈ వారంలో చాలామంది అక్కడే ఇరుక్కుంటారు.

సున్నపురాతి లోయ అంచున తొలిచిన గుహ ఇళ్ళ పేటలను సాస్సి అంటారు. రెండున్నాయి, బరిసానో, కవెయోసో. పేదరికం, మలేరియా, మనుషులూ కంచర గాడిదలూ ఒకే గుహలో. ఇటలీకి ఇది సిగ్గుచేటని 1952లో చట్టం చేసి సుమారు పదిహేను వేల మందిని కొత్త ఇళ్ళకు తరలించారు. ఖాళీ అయిన ఊరు సినిమావాళ్ళకు యెరూషలేము అయింది. ఇటలీ దర్శకుడు పియెర్ పావొలో పసోలిని 1964లో మత్తయి సువార్తను నలుపు తెలుపుల్లో ఇక్కడ తీశాడు. 1993లో యునెస్కో జాబితాకెక్కింది. ఇప్పుడు అదే గుహల్లో ఖరీదైన హోటళ్ళు నడుస్తున్నాయి.

ఫోన్ మ్యాపు ఇక్కడ తప్పుదారి పట్టిస్తుంది. ఒక ఇంటి కప్పు ఇంకో ఇంటి వీధి. చుక్క సరైన చోటే ఉంటుంది, మనం మాత్రం రెండంతస్తుల పైన తిరుగుతుంటాం. మెట్లు కనపడగానే దిగిపోకూడదు, సగం మెట్లు ఎవరింటి గుమ్మంలోనో ఆగిపోతాయి. కారుతో సాస్సిలోకి పోతే కెమెరా పట్టి జరిమానా ఇంటికి పంపుతుంది. మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి అయిదు దాకా కొట్లు మూసేస్తారు.

పోర్తా పిస్తోలా దగ్గర నిలబడితే లోయ ఒక్కసారిగా తెరుచుకుంటుంది. సినిమాలో నగర ద్వారం ఇదే. వియా మూరో మెట్లు సిలువ మోసిన దారిలోవి. మిగతా దారి చినెచిత్తా సెట్టులోది, తెర మీద అతుకు కనపడదు. మెట్లు నునుపుదేలి ఉంటాయి, వాన పడితే బూట్లు జారతాయి. సిలువ బరువు దాదాపు డెబ్బై కిలోలు, దాంతో ఇటువంటి దారి మీద పడితే నటన అక్కర్లేదు. చిత్రీకరణలో కవీజెల్ భుజం తప్పుకుంది.

సిలువ మార్గం ప్రార్థనలోని పద్నాలుగు స్థలాలు తెలిసిన కతోలికులు ఈ దారిని సినిమాలో వెంటనే గుర్తుపడతారు. మూడుసార్లు పడటం, వెరోనిక యేసు ముఖం తుడిచిన గుడ్డ సువార్తల్లో లేవు, ఆ ప్రార్థనలోనివే. అందులో తల్లి ఎదురయ్యే ఘట్టం ఉంది కదా, సినిమా తన బలమంతా దాచుకున్నది అక్కడే. మరియ గోడ చాటున నిలబడిపోతుంది, చూడలేక. కొడుకు సిలువ కింద పడతాడు. మరుక్షణం ఆమె జ్ఞాపకంలో అదే కొడుకు పసివాడై గుమ్మం దగ్గర తూలిపడటం, ఆమె పరిగెత్తడం. రెండు పరుగులు కలిసిపోతాయి. ఆ షాట్‌లో దెబ్బ లేదు, రక్తం కూడా పక్కకు తప్పుకుంటుంది. అప్పటిదాకా నలభై నిమిషాలు బిగపట్టిన ఊపిరి అక్కడ వదులుతాం. ముందు అంత చూపించకపోతే అది ఇంత తాకేది కాదనేవాళ్ళ మాటలో నిజముంది. కానీ తాకేది మాత్రం తల్లి పరుగే.

ఆ మరియగా చేసిన రుమేనియా నటి మాయా మోర్గెన్‌స్టెర్న్ యూదురాలు, షూటింగ్ నాటికి గర్భవతి. 2019లో స్విస్ దర్శకుడు మీలో రావ్ ఆఫ్రికా వలస కూలీలతో మళ్ళీ ఇక్కడే సువార్త తీసినప్పుడు ఆమె తిరిగొచ్చి మరియగానే నటించింది. పసోలిని సినిమాలో యేసుగా చేసిన ఎన్రికే ఇరాసొకి అందులో బాప్తిస్మమిచ్చు యోహానుగా కనిపిస్తాడు.

తెలుగువాళ్ళకు ఇదే దారి ఇంకోలా తెలుసు. 1978 నాటి 'కరుణామయుడు'లో విజయచందర్ సిలువ మోస్తుంటే మోదుకూరి జాన్సన్ రాసిన 'కదిలింది కరుణరథం' వినిపిస్తుంది. ప్రొజెక్టర్ వ్యానులో వేసుకుని ఊరూరా చూపించిన సినిమా అది. రక్తం అందులో కొంచెమే, అయినా పాట మొదలవగానే పల్లె ఆడవాళ్ళ కొంగులు కళ్ళ దగ్గరికి వెళ్ళేవి. గిబ్సన్ కొరడా మోతతో చేసిన పని బాలు గొంతు చేసింది. శుభ శుక్రవారం ఏడు మాటల ఆరాధనకు ముందు గిబ్సన్ కొరడా దృశ్యం క్లిప్పు వేసే సంఘాలు ఒక సంగతి చూసుకోవాలి. అది అమెరికాలో పదిహేడేళ్ళ లోపువాళ్ళు పెద్దల తోడు లేకుండా చూడకూడదన్న రేటింగుతో వచ్చిన సినిమా, ముందు వరసలో కూర్చునేది సండేస్కూల్ పిల్లలు. పైగా గుడ్డలు తెచ్చే దగ్గర క్లిప్పు ఆపేస్తే దెబ్బలే మిగులుతాయి.

రాత్రి భోజనం: రొట్టె పొడి, వేయించిన క్రుస్కి మిరపకాయలు వేసిన కవతెల్లి పాస్తా, పన్నెండు యూరోలు. ఇవి సెనీసె తీపి మిరప, ఎండబెట్టి నూనెలో కొన్ని క్షణాలే ముంచి తీస్తారు. ఒక్క క్షణం ఎక్కువైనా నల్లబడి చేదెక్కుతాయి. కారం ఉండదు. బిల్లులో మనిషికి రెండు మూడు యూరోలు 'కొపెర్తో' అని ఉంటుంది, మోసం కాదు, కూర్చున్నందుకు. టిప్పు ఆశించరు.

పవిత్ర గురువారం, ముర్జా గుట్ట, క్రాకో

మతేరా రొట్టె పొద్దున్నే కొనాలి. గట్టి గోధుమ రవ్వ పిండి, లేత పసుపు రంగు లోపలి భాగం, వారం దాకా పాడవదు. కాల్చే ముందు కత్తితో మూడు గాట్లు పెడతారు, తండ్రి కుమార పరిశుద్ధాత్మల పేర. ఊరంతటికీ ఒకే పొయ్యి ఉన్న రోజుల్లో ఎవరి రొట్టె ఎవరిదో తెలియడానికి చెక్క ముద్రలు వేసేవాళ్ళు. ఆ ముద్రలు ఇప్పుడు బజార్లో బొమ్మల్లా అమ్ముతున్నారు. కౌంటర్ దగ్గర పావు రొట్టె అడిగినా కోసి తూచి ఇస్తారు. వేలు పెట్టి రొట్టె నొక్కి చూస్తే మాత్రం పెద్దావిడ ఊరుకోదు.

సిలువలు నిలబెట్టిన ముర్జా తిమోనె గుట్ట లోయకు అవతల. పోర్తా పిస్తోలా నుంచి బాట గ్రవీనా వాగు దాకా దిగి, వేలాడే వంతెన దాటి, ఎదురు గట్టు ఎక్కుతుంది. ముప్పావు గంట నుంచి గంట. వాన తరవాత వంతెన మూసేస్తారు. అప్పుడు కారులో చుట్టు తిరిగి రావాలి. పొద్దున్నే వెళ్ళడం మేలు. సూర్యుడు వీపు వెనక ఉండి ఊరి మీద వెలుగు పడుతుంది. సాయంత్రం ఎదురెండలో సాస్సి మొత్తం నల్లగా కనపడుతుంది.

పైన గాలి ఆగదు. చలికాలంలో ఇదే గాలిలో నడుముగుడ్డతో సిలువ మీద వేలాడిన కవీజెల్‌కి ఒళ్ళు చల్లబడిపోయింది. మేకు కొట్టే షాట్‌లో మేకు పట్టుకున్న చెయ్యి గిబ్సన్‌దే. దాదాపు నలభై ఏళ్ళ ముందు పసోలిని కూడా సిలువలు ఈ గుట్ట మీదే నాటాడు. కవి, మార్క్సిస్టు, దేవుణ్ణి నమ్మనివాడు. వయసుమళ్ళిన మరియగా తన తల్లినే నిలబెట్టాడు. ఆమె కుప్పకూలినప్పుడు కెమెరా వణుకుతూ దూరం నుంచి చూస్తుంది, అంతే. ఆ రెండు సినిమాలు పక్కపక్కన చూసినవాళ్ళకు తెలుస్తుంది, రక్తం ఎంతున్నా లేకున్నా రెంటిలోనూ మనం ఏడ్చేది తల్లిని చూసే.

ఇంకో మాట కూడా ఈ గుట్ట మీదే చెప్పాలి. ఐరోపాలో యేసు శ్రమల నాటకాలు ముగిశాక యూదుల ఇళ్ళ మీద పడిన చరిత్ర ఉంది. మత్తయి 27:25, ఆయన రక్తం మా మీదా మా పిల్లల మీదా అన్న మాట, సినిమాలో అరామిక్‌లో వినిపిస్తుంది. విమర్శలొచ్చాక దాని సబ్‌టైటిల్ తీసేశారు. కన్నీళ్ళు పెట్టించే బలమే కోపాన్నీ రేపగలదు. సంఘంలో ఈ సినిమా వేసేవాళ్ళు ఆ మాట ముందే చెప్పి వేయడం మంచిది.

మధ్యాహ్నం క్రాకో. గూగుల్ చాలాసార్లు లోయలోని క్రాకో పెస్కియెరాకు తీసుకుపోతుంది. 1963లో కొండ జారడం మొదలయ్యాక జనాన్ని దింపింది అక్కడికే. పాడుబడ్డ పాత ఊరు పైన. లోపలికి హెల్మెట్ పెట్టుకుని, గైడ్‌తోనే వెళ్ళాలి, పది పదిహేను యూరోలు. పండగ వారంలో వేళలు మారతాయి కాబట్టి ముందురోజే ఫోన్ చేయాలి. యూదా ఉరేసుకునే దృశ్యం ఇక్కడిది. మత్తయి ఒక వాక్యంలో చెప్పి వదిలేశాడు. సినిమాలో పిల్లలు వెంటపడి తరుముతారు, చివరికి పురుగులు పట్టిన గాడిద కళేబరం మెడలోని తాడు దొరుకుతుంది. చుట్టూ గడ్డి మొలవని బంకమట్టి గుట్టలు. సెట్టు వేయనక్కర్లేని చోటు.

రాత్రి మతేరా గుళ్ళలో పరమప్రసాదం ఉంచిన పీఠాల చుట్టూ పాలిపోయిన గోధుమ మొలకల పళ్ళేలు పెడతారు. మన పెళ్ళి పాలికల్లో మొలకల్లాంటివే, కాకపోతే వీటిని చీకట్లో పెంచుతారు, అందుకే ఆకుపచ్చ ఎక్కవు. గుడి నుంచి గుడికి జనం నిశ్శబ్దంగా తిరుగుతారు. ఫోన్ తీస్తే ఎవరూ ఏమీ అనరు గానీ చూపు చాలు.

శుభ శుక్రవారం, బారీలె

మతేరా నుంచి వంద కిలోమీటర్ల దూరం, కారు తప్ప మార్గం లేనట్టే. వుల్తురె కొండ కింద ఊరు, అయిదు శతాబ్దాల నాడు వచ్చిన అల్బేనియా వలసజనం వారసులది. పెద్దవాళ్ళు ఇప్పటికీ ఆ భాష మాట్లాడతారు. రాతిలో తొలిచిన ద్రాక్షసారా గుహల ముందు పసోలిని బేత్లెహేము పసిపిల్లల హత్య తీశాడు.

ఊరి సిలువ ఊరేగింపు పదిహేడో శతాబ్దం నాటిదంటారు. నటులు లేరు, అందరూ ఊరివాళ్ళే. యేసు చెప్పుల్లేకుండా నడుస్తాడు. క్రీస్తు వయసుకు గుర్తుగా నల్లబట్టల్లో ముప్పైముగ్గురు ఆడపిల్లలు. అందరి కళ్ళూ వెతికేది మాత్రం జింగరాను, మేకులు సమకూర్చిందని చెప్పుకునే దేశదిమ్మరి స్త్రీని. మెడ నుంచి నడుము దాకా బంగారమే. గొలుసులు, పతకాలు, ఉంగరాలు ఒకదాని మీద ఒకటి కుట్టి ఉంటాయి. చిరునవ్వు చెరగకుండా నడవాలి ఆమె. కొరడా దెబ్బ ఒక్కటీ లేకుండా గుండె కలుక్కుమనేది ఆ నవ్వు దగ్గరే.

నిలబడటానికి మంచి చోటు ఎక్కే వీధి మలుపు, అక్కడ అందరి నడకా నెమ్మదిస్తుంది. ముందుకు తోసుకుని ఫోటో తీయకూడదు, పిల్లలకు దారి వదలాలి. ఆ రోజు మాంసం మానేస్తారు. క్రుస్కి మిరపతో ఉప్పు కాడ్ చేప, పద్నాలుగు యూరోలు. దాంతో ఊరి అల్యానికో వైన్ గ్లాసు మూడు. పక్క బల్ల దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు జింగరా ఒంటి మీద తమ గొలుసు ఎటువైపు కుట్టారో వాదించుకుంటున్నారు. ఆ బంగారమంతా ఇంటింటి నుంచి అరువు తెచ్చిందే. దారాలు విప్పి ఎవరిది వాళ్ళకు అప్పజెప్పాలి.